శరీరాన్ని చదవడం మొదలుపెట్టేవారికి: చోటు ముందు, పేరు తర్వాత

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో తెలుగు మాధ్యమంలో ఇంటర్ బైపీసీ చదివి, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ వంటి కోర్సుల్లో చేరిన విద్యార్థులను మొదటి నెలలోనే కంగారు పెట్టే సబ్జెక్టు అనాటమీ, ఫిజియాలజీ. నిజానికి ఇందులో చాలా విషయం వారికి కొత్తది కాదు. గుండెకు నాలుగు గదులుంటాయని, మూత్రపిండంలో నెఫ్రాన్లు రక్తాన్ని వడకడతాయని పదో తరగతిలోనే చదువుకున్నారు. కంగారంతా పదజాలంతోనే. పెద్దవారి శరీరంలోని 206 ఎముకల పేర్లను తొలి వారంలోనే బట్టీ పట్టడానికి కూర్చుని, దిశలను తెలిపే పదిపన్నెండు మాటలను తేలికేలే అని దాటవేయడం తరచుగా కనిపించే పద్ధతి. ఈ వరుసను తిరగవేసుకోవాలి. మొదట చోటును చెప్పడం నేర్చుకోవాలి, తర్వాత ఆ చోటులో ఉన్నదాని పేరు, ఆ వెంటనే అది చేసే పని.

అనాటమీ అంటే శరీర నిర్మాణ శాస్త్రం. ఏ భాగం ఎక్కడ ఉంది, ఎలా ఏర్పడి ఉంది, దేనికి ఆనుకుని ఉంది అన్నది దాని పరిధి. ఫిజియాలజీ అంటే శరీర ధర్మ శాస్త్రం, అంటే ఆ భాగం ఏ పనిని ఎలా చేస్తుందో చెప్పేది. రెండింటికీ రెండు నోటుబుక్కులు పెట్టుకోమని సలహా ఇచ్చేవారున్నారు గాని, ఒకే నోటుబుక్కులో ఎడమ పేజీలో నిర్మాణం, కుడి పేజీలో ధర్మం రాసుకోవడమే మేలు. ఊపిరితిత్తిలోని వాయుగోణి గోడ ఒకే ఒక్క కణం మందంలో ఉంటుందని ఎడమ పేజీలో రాసినవారికి, ఆక్సిజన్ అంత సులువుగా రక్తంలోకి ఎలా వెళ్తుందో కుడి పేజీలో కొత్తగా బట్టీ పట్టవలసిన పని ఉండదు.

మొదటి ఒప్పందం: నిలబడే తీరు

ఏ అవయవం గురించి మాట్లాడినా, మనిషి ఒక నిర్ణీతమైన తీరులో నిలబడి ఉన్నాడని అనుకునే మాట్లాడాలి. దీన్ని అనాటమికల్ పొజిషన్ అంటారు. మనిషి నిటారుగా నిలబడి, ముఖం ఎదురుగా పెట్టి, చేతులను పక్కలకు వదిలి, అరచేతులను ముందుకు తిప్పి, పాదాలను దగ్గరగా నేలకు ఆనించి ఉండాలి. రోగి వెల్లకిలా పడుకుని ఉన్నా, బోర్లా పడుకుని ఉన్నా, తాటిచెట్టు మీది నుంచి పడి స్ట్రెచర్ మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నా, కేస్ షీట్ రాసేటప్పుడు అతను ఇలాగే నిలబడి ఉన్నట్టు భావించి రాయాలి. వెల్లకిలా పడుకోవడాన్ని సుపైన్ అని, బోర్లా పడుకోవడాన్ని ప్రోన్ అని అంటారు. కుడి, ఎడమ అన్నవి ఎప్పుడూ రోగివే, ఎదురుగా నిలబడి చూసేవారివి కావు. సీటీ స్కాన్‌లో అడ్డకోత చిత్రాన్ని రోగి పాదాల వైపు నుంచి చూస్తున్నట్టుగా చూపిస్తారు కాబట్టి, రోగి కుడివైపున ఉండే కాలేయం చిత్రంలో మనకు ఎడమవైపున కనిపిస్తుంది.

అరచేతులను ముందుకే ఎందుకు తిప్పాలన్నది చాలామంది అడగని ప్రశ్న. దీనికి జవాబు మీ చేతిలోనే ఉంది. ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి: బొటనవేలి వైపు రేడియస్, చిటికెనవేలి వైపు అల్నా. మోచేతిని బల్ల మీద ఆనించి, అరచేతిని పైకి తిప్పి పెట్టండి. ఇప్పుడు ఎముకలు రెండూ పక్కపక్కన సమాంతరంగా ఉన్నాయి. రెండో చేతి వేళ్లతో మోచేతి మొన దగ్గర మొదలుపెట్టి చిటికెనవేలి వైపు మణికట్టు దాకా తడుముతూ పోతే అల్నా అంచు పొడవునా తగులుతుంది. ఆ వేళ్లను అక్కడే ఉంచి, అరచేతిని నెమ్మదిగా కిందికి తిప్పండి. అల్నా దాదాపు ఉన్నచోటనే ఉంటుంది, రేడియస్ మాత్రం దాని మీదుగా అడ్డంగా దాటి, కింది కొసను రెండో పక్కకు తీసుకుపోతుంది. ఈ కదలికను ప్రోనేషన్ అని, తిరిగి పైకి తిప్పడాన్ని సుపినేషన్ అని అంటారు. అరచేయి ఎటు తిరిగి ఉందో ముందుగా ఒప్పుకోకపోతే ముంజేతికి లోపలి పక్క ఏదో, బయటి పక్క ఏదో చెప్పడం కుదరదు.

దిశలు చెప్పడం

తల వైపు ఉన్నదాన్ని సుపీరియర్ అని, పాదాల వైపు ఉన్నదాన్ని ఇన్ఫీరియర్ అని, ముందుకు ఉన్నదాన్ని యాంటీరియర్ అని, వెనుకకు ఉన్నదాన్ని పోస్టీరియర్ అని చెప్పాలి. శరీరాన్ని నిలువునా రెండు సమభాగాలు చేసే మధ్యరేఖకు దగ్గరగా ఉన్నది మీడియల్, దూరంగా ఉన్నది లేటరల్. చేతులు, కాళ్ల విషయంలో మొండేనికి దగ్గరిది ప్రాక్సిమల్, దూరంగా ఉన్నది డిస్టల్. చర్మానికి దగ్గరిది సూపర్ఫిషియల్, లోతున ఉన్నది డీప్. ఇవన్నీ రెండు భాగాల మధ్య సంబంధాన్ని చెప్పే మాటలన్నది మరువరాదు. మణికట్టు మోచేతికి డిస్టల్, అదే మణికట్టు వేళ్లకు ప్రాక్సిమల్. దేనితో పోల్చుతున్నామో చెప్పకుండా మణికట్టు డిస్టల్ అని ఊరుకుంటే వాక్యం సగంలో ఆగినట్టే.

మరో చిక్కు ఉంది. అనాటమీలో ఆర్మ్ అంటే భుజం నుంచి మోచేయి దాకా మాత్రమే, లెగ్ అంటే మోకాలి నుంచి చీలమండ దాకా మాత్రమే. మన వాడుకలో చెయ్యి, కాలు అన్న మాటలు మొత్తం అవయవానికి చెల్లుతాయి. కాలు విరిగిందని వచ్చిన మనిషికి విరిగింది తొడ ఎముక ఫీమరో, మోకాలి కిందనున్న టిబియానో తేలకుండా లెగ్ ఫ్రాక్చర్ అని రాసేయకూడదు.

ఈ మాటలను నోటుబుక్కులో కంటే సొంత శరీరం మీద నేర్చుకోవడమే ఉత్తమం. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు, ముడతకు కాస్త ప్రాక్సిమల్‌గా, రేడియస్ ఎముకకు ఆనించి రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే రేడియల్ నాడి (పల్స్) తగులుతుంది. బొటనవేలితో మాత్రం చూడవద్దు, దాని నాడి దానికే తగిలి లెక్క చెడుతుంది.

కొంచెం కష్టమైనా తప్పక చేయవలసిన అభ్యాసం పక్కటెముకలను లెక్కపెట్టడం. మెడ కింద, రెండు జత్రుకల (మెడ కింద భుజాల వైపు అడ్డంగా పోయే ఎముకల) నడుమ ఉండే గుంట నుంచి ఛాతీ మధ్య ఎముక మీదుగా వేలిని కిందికి జార్చండి. నాలుగైదు సెంటీమీటర్లలో అడ్డంగా ఒక చిన్న గట్టు తగులుతుంది. దాన్ని స్టెర్నల్ యాంగిల్ అంటారు. దానికి ఇరుపక్కలా వచ్చి కలిసేది రెండో పక్కటెముక. మొదటి పక్కటెముక జత్రుక చాటున ఉండి సరిగా అందదు కాబట్టి లెక్క ఎప్పుడూ ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎడమవైపు రెండో ఎముక కింది సందు రెండో ఇంటర్‌కాస్టల్ స్పేస్, అలా దిగుతూ పోయి ఐదో సందులో, జత్రుక నడిమి నుంచి నిలువుగా గీసిన ఊహారేఖ దగ్గర అరచేతిని ఆనిస్తే చాలామందిలో గుండె కొస కొట్టుకోవడం తెలుస్తుంది. తెలియకపోతే కొద్దిగా ముందుకు వంగి చూడాలి. ఈ ఒక్క అభ్యాసంలో మీడియల్, లేటరల్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అన్నీ వచ్చేస్తాయి, ఈసీజీ తీసేనాడు ఎలక్ట్రోడులను ఎక్కడ అంటించాలో మళ్లీ నేర్చుకోవలసిన పని ఉండదు.

దిశ తప్పితే రోగికి జరిగే నష్టం ఎంతటిదో పిరుదు మీద చేసే ఇంజెక్షన్ చెబుతుంది. పిరుదును నాలుగు పావులుగా ఊహించుకుని, పైన బయటి వైపున్న పావులో, అంటే సుపీరియర్, లేటరల్ భాగంలోనే సూది వేయాలని నేర్పుతారు. కాలికి పోయే అతి పెద్ద నాడి (నరం) అయిన సయాటిక్ నాడి కింది, లోపలి వైపు నుంచి పోతుంది. సూది దానికి తగిలితే కాలు ఈడ్చుకుని నడిచే పరిస్థితి రావచ్చు.

రోగి మాట, కేస్ షీట్ మాట

మన ప్రాంతంలో ఓపీకి వచ్చే మనిషి "పెయ్యి కాలుతుంది", "కడుపుల నొస్తుంది", "గుండెల మంటగుంది" అని చెబుతాడు. ఈ మాటల్లో తప్పేమీ లేదు. వాటిని చోటుగా మార్చడం విద్యార్థి పని. గుండెలో మంట అన్నది చాలాసార్లు అన్నవాహికలోకి ఎగదన్నిన జీర్ణరసం వల్ల కలిగే మంట, అయితే గుండెనొప్పి కూడా అదే మాటతో రావచ్చు కాబట్టి, నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో, తిన్న తర్వాతనా, నడిచినప్పుడా అని అడిగి రాయాలి. కడుపు నొప్పి అన్నవారిని ఒక్క వేలితో చూపించమనాలి. బొడ్డు మీదుగా ఒక నిలువు గీత, ఒక అడ్డగీత ఊహించుకుంటే ఉదరం నాలుగు క్వాడ్రంట్లుగా విడిపోతుంది. కుడి పై భాగంలో కాలేయం, పిత్తాశయం, ఎడమ పై భాగంలో జీర్ణాశయంలో ఎక్కువ భాగం, ప్లీహం, కుడి కింది భాగంలో అపెండిక్స్, ఎడమ కింది భాగంలో పెద్దపేగు చివరి మలుపు ఉంటాయి.

అపెండిక్స్ వాచినప్పుడు నొప్పి నడిచే దారిని గమనిస్తే అనాటమీ, ఫిజియాలజీ ఒకదానిలో ఒకటి ఎలా కలిసిపోయి ఉంటాయో తెలుస్తుంది. చాలామందిలో తొలుత బొడ్డు చుట్టూ, ఇదీ చోటు అని చెప్పలేని నొప్పి వస్తుంది. అపెండిక్స్ నుంచి వచ్చే నాడులు వెన్నుపాములో పదో ఛాతీ ఖండం దగ్గర చేరుతాయి, బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నుంచి వచ్చే నాడులు చేరేదీ అక్కడికే, అందుకని మెదడు ఆ నొప్పిని బొడ్డుకు అంటగడుతుంది. కొన్ని గంటల తర్వాత వాపు ఉదరపు గోడకు లోపల అతుక్కుని ఉన్న పెరైటల్ పెరిటోనియం పొరను తాకుతుంది. ఆ పొరకు చోటును కచ్చితంగా తెలిపే నాడులున్నాయి. అప్పుడు నొప్పి కుడి కింది భాగానికి దిగి, తుంటి ఎముక ముందరి మొన నుంచి బొడ్డుకు గీసిన గీతలో మూడో వంతు దూరాన, మెక్‌బర్నీ బిందువు అనే చోట, వేలు పెడితే ఓర్వలేనంతగా నిలుస్తుంది.

పెరిటోనియం మాట వచ్చింది కాబట్టి పొరల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఛాతీ కుహరాన్ని, ఉదర కుహరాన్ని వేరుచేసేది డయాఫ్రమ్ అనే కండరపు తెర. ఊపిరితిత్తులను ప్లూరా, గుండెను పెరికార్డియం, ఉదరంలోని అవయవాలను పెరిటోనియం చుట్టి ఉంటాయి. ప్రతి పొరలోనూ గోడకు అంటుకున్న భాగం పెరైటల్, అవయవానికి అంటుకున్న భాగం విసెరల్. మూత్రపిండాలు పెరిటోనియం వెనుక ఉంటాయి, కాబట్టి వాటి నొప్పి నడుము పక్కన, వెనుక వైపు తెలుస్తుంది. ఇక కోతల సంగతి: శరీరాన్ని కుడి ఎడమలుగా విడదీసే తలం సాజిటల్, ముందు వెనుకలుగా విడదీసేది కరోనల్, పైకీ కిందికీ విడదీసేది ట్రాన్స్‌వర్స్. స్కాన్ రిపోర్టులు చదివేటప్పుడు ఈ మూడూ చాలు.

పొడవైన పదాన్ని విడగొట్టడం

ఈ శాస్త్రంలోని పదాలు ఎక్కువగా గ్రీకు, లాటిన్ ముక్కలతో అతికినవి. ముక్కలు తెలిస్తే పదం పొడవుకు భయపడనక్కరలేదు. మొదటి ముక్క తరచుగా అవయవం: కార్డియో గుండె, హెపాటో కాలేయం, నెఫ్రో మూత్రపిండం, గ్యాస్ట్రో జీర్ణాశయం, ఆస్టియో ఎముక. చివరి ముక్క జరిగినదాన్ని చెబుతుంది: ఐటిస్ అంటే వాపు, ఈమియా అంటే రక్తానికి సంబంధించిన స్థితి, యూరియా అంటే మూత్రానికి సంబంధించిన స్థితి. హెపటైటిస్, నెఫ్రైటిస్, గ్యాస్ట్రైటిస్ వీటితోనే విడిపోతాయి. శస్త్రచికిత్సల పేర్లలో ఆటమీ అంటే కోయడం, ఆస్టమీ అంటే బయటికి ద్వారం పెట్టడం, ఎక్టమీ అంటే తీసివేయడం. కోలాస్టమీకి, కోలెక్టమీకి మధ్య ఉన్నది కొన్ని అక్షరాల తేడానే అయినా, ఒకదానిలో పేగుకు ఉదరం మీద ద్వారం పెడతారు, రెండోదానిలో పెద్దపేగును లేదా అందులో కొంత భాగాన్ని తీసేస్తారు.

హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. వేగంగా రాసే చేతిలో ఈ రెండూ తారుమారు కావడం ప్రమాదకరం. చక్కెర పడిపోయిన మనిషికి హైపర్‌గ్లైసీమియా అని రాస్తే, ఆ రాతను నమ్మి ఇన్సులిన్ ఇచ్చేవారు ఉండవచ్చు. తెలుగు లిపిలో నోట్సు రాసుకునేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. చిన్నపేగు చివరి భాగానికి, తుంటి ఎముక పై భాగానికి మనం రాసే మాట ఒక్కటే: ఇలియం. పక్కన పేగు అనో, ఎముక అనో రాసుకోకపోతే పరీక్ష ముందు రాత్రి మీ నోట్సు మీకే అర్థం కాదు. యురేటర్, యురేత్రాల సంగతీ ఇంతే: మొదటిది మూత్రపిండం నుంచి మూత్రాశయానికి, రెండోది మూత్రాశయం నుంచి బయటికి.

శరీర నిర్మాణంలోని మెట్లు మీకు తెలిసినవే: అణువులు, కణాలు, కణజాలాలు, అవయవాలు, అవయవ వ్యవస్థలు, జీవి. కణజాలాలు నాలుగు రకాలు, అవి ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలు. రక్తం, ఎముక రెండూ సంయోజక కణజాలమే అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

సమస్థితిని ఎండలో చూడటం

ఫిజియాలజీ అంతటికీ ఆధారమైన భావన సమస్థితి, అంటే హోమియోస్టాసిస్. బయట ఏం మారినా లోపలి పరిస్థితిని ఇరుకైన హద్దుల్లో నిలిపి ఉంచడం. ఈ ఆలోచనకు 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ బెర్నార్డ్ పునాది వేస్తే, 1920లలో అమెరికాకు చెందిన వాల్టర్ కానన్ దానికి ఈ పేరు పెట్టాడు. లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో, ధమని రక్తపు పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యన, సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్యన ఉండాలి.

మే నెలలో 40 డిగ్రీలు దాటిన పాలమూరు ఎండలో మట్టి పని చేస్తున్న కూలీని తీసుకుందాం. చర్మంలోనూ మెదడులోనూ ఉన్న గ్రాహకాలు వేడి పెరిగిందని పసిగడతాయి. హైపోథాలమస్ అనే నియంత్రణ కేంద్రం ఆ కబురును తన నిర్ణీత స్థాయితో పోల్చుతుంది. చర్మంలోని సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, స్వేదగ్రంథులు చెమటను వదులుతాయి. చల్లబరిచేది ఆవిరయ్యే చెమటే, కారిపోయే చెమట వృథా. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 0.58 కిలోకేలరీల వేడి పోతుంది. వేడి తగ్గగానే ఇవన్నీ తగ్గుతాయి. మార్పును వెనక్కి తిప్పే ఈ ఏర్పాటు పేరు నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. మార్పును ఇంకా పెంచుకుంటూ పోయే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అరుదు, కాన్పు నొప్పుల్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పని చేసే తీరు దానికి ఉదాహరణ.

నీరు తగ్గి రక్తం చిక్కబడితే పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం నుంచి ఏడీహెచ్ హార్మోన్ విడుదలై, మూత్రపిండాలు నీటిని వెనక్కి లాక్కుంటాయి. ఆ కూలీ సాయంత్రం "ఒంటికి పచ్చగ వస్తుంది" (మూత్రం పచ్చగా వస్తోంది) అన్నాడంటే వెంటనే కామెర్లని రాయనక్కరలేదు, కళ్ల తెల్లగుడ్డును చూసి, తాగిన నీళ్లెన్నో అడగాలి.

జ్వరానికీ వడదెబ్బకూ ఉన్న తేడా ఈ భావన పట్టుబడితేనే తెలుస్తుంది. జ్వరంలో హైపోథాలమస్ తన నిర్ణీత స్థాయినే పైకి జరుపుకుంటుంది, కాబట్టి ఒళ్లు వేడిగా ఉన్నా మనిషి చలితో వణికి చెద్దరు అడుగుతాడు. పారాసిటమాల్ ఆ స్థాయిని కిందికి దించుతుంది. వడదెబ్బలో స్థాయి మారలేదు, చల్లబరిచే ఏర్పాటే చేతులెత్తేసింది, లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మతి చెదురుతుంది. అక్కడ పారాసిటమాల్‌కు పని లేదు, ఆ మనిషిని నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గాలి తగిలేలా చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎముకను నల్లగొండలో చదవడం

ఎముకను గోడలో రాయిలా కదలనిదని అనుకునేవారికి నల్లగొండ ఫ్లోరోసిస్, అంటే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు, దంతాలకు వచ్చే వ్యాధి, మంచి పాఠం. ఎముక నిత్యం కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉండే సజీవ కణజాలం. ఆస్టియోక్లాస్టులు కరిగిస్తాయి, ఆస్టియోబ్లాస్టులు కడతాయి. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముక నుంచి దాన్ని తీయిస్తుంది. ఎముక గట్టిదనం హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం, ఫాస్ఫేట్ లవణం వల్ల వస్తుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల బోరునీళ్లలో గ్రానైటు శిలల నుంచి చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయినప్పుడు, ఈ లవణంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమించింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదని, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అన్న పేరే స్థిరపడింది.

ఇప్పుడు ఇంతవరకు నేర్చుకున్న మాటలను ఈ వ్యాధి మీద పెట్టి చూడండి. ఎక్స్‌రేలో రేడియస్, అల్నాల నడుమ ఉండే ఇంటరాసియస్ పొర గట్టిపడి కనిపిస్తుంది, ముంజేయిని తిప్పడం కష్టమవుతుంది. పైన చేసిన బల్ల అభ్యాసం ఇక్కడ పనికొస్తుంది. వెన్నుపూసల పోస్టీరియర్ తలం వెంట పోయే లిగమెంటు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) గట్టిపడి మందమైతే వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది, నొక్కుడు పడిన చోటుకు ఇన్ఫీరియర్‌గా ఉన్న కండరాలు, ముఖ్యంగా కాళ్లు, బలం కోల్పోతాయి. పిల్లల్లో మోకాళ్లు రెండూ ఒరుసుకుంటూ, వాటికి డిస్టల్‌గా ఉన్న లెగ్ లేటరల్‌గా ఒంపు తిరిగే స్థితి జెను వాల్గమ్. జెను మోకాలు, వాల్గమ్ ఆ ఒంపు. దంతాల మీది మచ్చలు చెప్పేది మరొకటి: ఎనామిల్ ఏర్పడే చిన్న వయసులో తాగిన నీటి జాడ అది, పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవారి దంతాలకు ఆ మచ్చలు రావు.

రోజూ చేయవలసిన అభ్యాసం ఒకటే. ఇంట్లోనో ఊళ్లోనో విన్న ఒక ఫిర్యాదును తీసుకుని కేస్ షీట్ భాషలోకి మార్చాలి. "కుడి కాలికి, చీలమండకు జానెడు పైన, బయటి పక్క పుండు" అన్న మాటను "కుడి లెగ్ లేటరల్ తలం మీద, లేటరల్ మాలియోలస్‌కు ఇన్ని సెంటీమీటర్లు ప్రాక్సిమల్‌గా పుండు" అని (లేటరల్ మాలియోలస్ అంటే చీలమండ బయటి పక్కనున్న ఎముక బొడిపె) రాసి, సెంటీమీటర్లను టేపుతో కొలిచి వేయాలి. తర్వాత ఆ వాక్యాన్ని మాత్రమే తోటి విద్యార్థికి ఇచ్చి, తన కాలి మీద పెన్నుతో ఆ చోటును గుర్తు పెట్టమనాలి. గుర్తు వేరేచోట పడితే వాక్యంలో ఏ దిశ తప్పిందో, దేనితో పోల్చడం మరిచారో చూసుకుని తిరిగి రాయాలి.